దిగేవారు లేని స్టేషనులు

మాఘం గడచి ఎండ కాస్త ముదిరే వేళకు ఆర్మూరు చుట్టుపట్ల కళ్ళాలన్నీ పసుపుమయమై ఉంటవి. నేలనుండి తవ్వి తీసిన పంట ఉడుకుతుంది, రోజుల తరబడి ఎండలో ఆరుతుంది, మెరుగుపెట్టే డ్రమ్ములలో దొర్లి దొర్లి పొట్టు రాల్చుకొంటుంది. కొమ్ము వేరు, గోళ వేరు అయి గోనెల కెక్కుతుంది. ఆ గోనెలు లారీలలో నిజామాబాదు మార్కెటు యార్డుకు పోతవి. ధర మీద ఆశ చావని రైతుల సరుకు రాష్ట్రం దాటి మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సయితం పోతుంది. ఏ దిక్కుకు పోయినా ప్రయాణం రోడ్డుమీదనే. ఉత్తర దక్షిణాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాదునుండి జగిత్యాల, మంచిర్యాలల వైపు సాగే 63వ నంబరు రహదారి ఇక్కడనే ఒకదాని నొకటి దాటుకొంటవి. ఆర్మూరును పెంచి పెద్దచేసినది రోడ్డు.

ఆ ఊరికి ఒక రైల్వేస్టేషను కూడా ఉన్నది. ఆదివారం పొద్దున్నే బస్టాండు దారి విడిచి స్టేషను దారి పట్టిన మనిషిని ఎవరైనా పలకరించి, "ఎక్కడికి ప్రయాణం?" అని అడిగినారనుకొనండి. "ఎక్కడికీ కాదు, స్టేషనులు చూచి రావటానికి" అని అతడు జవాబు చెబితే, అడిగినవారు అతని ముఖం వంక ఒకసారి పరీక్షగా చూస్తారు. గుడి చూడబోయేవారున్నారు, కోట చూడబోయేవారున్నారు, సిద్ధుల గుట్ట ఎక్కి ఆ నల్లని బండల నడుమ నవనాథ సిద్ధేశ్వరుని దర్శించి, పైనుండి పట్టణాన్ని చూచి మురిసేవారున్నారు. స్టేషను చూడబోవటమేమిటి? అందులోనూ సికిందరాబాదు, కాజీపేటల వంటివి కావు. రోజుకు రెండో మూడో బండ్లు ఆగి, నలుగురెక్కి నలుగురు దిగి, తక్కిన కాలమంతా చెట్ల నీడలో కునికే చిన్న స్టేషనులు! అట్టివాటిని సెలవునాడు వెదకి వెదకి చూచి వచ్చే వ్యాసంగం ఒకటి లోకంలో ఉన్నది. నవ్వదలచినవారు నవ్వవచ్చును గాని, ఆ వ్యాసంగంలో నవ్వులాటకు మించిన సంగతి ఉన్నదేమో కొంచెం చూడవలసి ఉన్నది. ఆర్మూరు దానికి మంచి మొదటి మెట్టు.

ఆర్మూరుకు రైలు తేలికగా రాలేదు. పెద్దపల్లినుండి కరీంనగరం, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, మోర్తాడు, ఆర్మూరులమీదుగా నిజామాబాదు చేరే సుమారు 177 కిలోమీటర్ల దారికి పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా ఉన్న రోజులలో, 1993లో, పునాది పడినది. ఆ తరువాత పని ముక్కలు ముక్కలుగా సాగినది. కరీంనగరం దాకా ఒక ముక్క, జగిత్యాల దాకా మరొక ముక్క. నడుమ ఏళ్ళకేళ్ళ విరామాలు. 2017 మార్చి వచ్చేదాకా రెండు కొనలూ కలియలేదు. పునాదినాడు పలక పట్టిన పిల్లవాడు బండి కూత వినేనాటికి తానే ఏదో ఒక బడిలో పంతులై ఉండవచ్చును.

నిరీక్షణ ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. పసుపుకు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని కోరుతూ 2019 లోక్‌సభ ఎన్నికలలో ఇక్కడి రైతులు 170 మందికి పైగా నామినేషనులు వేసి నిజామాబాదు స్థానంలో అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చినారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులో ప్రారంభమైనది. రైలు విషయంలో మాత్రం ఆ నిరీక్షణకు ఒక వంకర ఫలితం కలిగినది. 24 ఏళ్ళపాటు రాని బండి కోసం ఎవరూ జీవితం నిలుపుకొని కూర్చోరు గదా. ఈలోగా పెళ్ళిళ్ళు, సంతలు, కాలేజీలు, ఆసుపత్రి పనులు అన్నీ బస్సు వేళలను పట్టుకొని అల్లుకొన్నవి. లారీ కళ్ళంలోకే వచ్చి గోనె ఎత్తుకొంటున్నది. తీరా రైలు వచ్చి నిలబడేసరికి దానికోసం మిగిలిన పని తక్కువ.

రైలు ప్రయాణికులను తన్నుకుపోయిన ఆ బస్సు మాత్రం పరాయిది కాదు, రైలు కన్నబిడ్డ. నిజాం రాష్ట్ర రైల్వేవారు 1932 జూన్‌లో 27 బస్సులతో ఒక రోడ్డు రవాణా శాఖను తెరచినారు. ఈనాడు ఊరూరా తిరిగే ఆర్టీసీ బస్సుకు మూలపురుషుడు ఆ శాఖయే. తండ్రి ఇంటిముందు నిలిచి తండ్రి బేరాన్నే బిడ్డ ఎత్తుకుపోవటం లోకంలో కొత్త కాదు.

కనుక ఒంటరి స్టేషనులు రెండు విధాలు. వయసు మీరి, అయినవారు విడిచిపోగా ఒంటరియైనవి కొన్ని. పుట్టుకతోనే ఆలస్యమై, ఊరు పట్టించుకొనక ఒంటరియైనవి కొన్ని. ఆర్మూరు రెండవ జాతిది. మొదటి జాతివి చూడవలెనంటే ఇక్కడినుండి బండి ఎక్కి నిజామాబాదు చేరవలె. అక్కడినుండి బయలుదేరే పాత దారిమీద అవి వరుసగా ఉన్నవి.

ఆ బండి ఎక్కేముందు, ఈ వ్యాసంగానికి పెద్దలనదగినవారిని ఒకరిద్దరిని తలచుకొనటం న్యాయం. జపాను దేశంలో మియవాకి షుంజో అనే ఆయన (1926–2003) ఒక ప్రచురణ సంస్థలో సంపాదకుడు. వారమంతా వ్రాతప్రతులు దిద్దేవాడు. సెలవు చిక్కినప్పుడల్లా రైల్వే టైంటేబిలు చంకన పెట్టుకొని బయలుదేరేవాడు. ఆ విధంగా ఆ దేశపు జాతీయ రైల్వేలకు అప్పుడున్న దారులన్నిటిమీదా, సుమారు 20 వేల కిలోమీటర్లు, 1977లో ప్రయాణం ముగించి, మరుసటి సంవత్సరం ఆ కథను పుస్తకంగా ప్రచురించినాడు. టైంటేబిలును కావ్యంవలె చదివినవాడని ఆయనకు పేరు. ఆయన తరువాతి తరంవారు దారులను విడిచి స్టేషనులను పట్టుకొన్నారు. మనుషులు చేరటమే కష్టమైన మారుమూల స్టేషనులకు ఆ భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఏర్పడినది. హొక్కయిదో ద్వీపంలో కొబొరో అనే స్టేషను రెండు సొరంగాల నడుమ ఉన్నది. దానికి రోడ్డు లేదు, ఊరూ లేదు. రైల్వే సంస్థ దానిని మూసివేయదలచగా, చూడవచ్చేవారు మెండుగా ఉన్నందువల్ల తొయొఉరా అనే చిన్న పట్టణంవారు నిర్వహణ ఖర్చు తామే భరించటానికి ముందుకు వచ్చినారు.

ఇంగ్లండులో ఈ పిచ్చికి చట్టం కూడా తోడైనది. పేదలు ప్రయాణించటానికి మైలుకు పెన్నీ చొప్పున రోజుకు ఒక బండి అయినా నడపవలెనని 1844లో పార్లమెంటు శాసించినది. ఆ బండ్లకు "పార్లమెంటు బండ్లు" అని పేరు వచ్చినది. కాలం మారినది గాని పేరు పోలేదు. ఒక దారిని మూయవలెనంటే అక్కడ విచారణలు, అభ్యంతరాలు, పెద్ద తతంగం. అంతకంటె వారానికి ఒక్క బండి నడిపి దారి బ్రతికే ఉన్నదనిపించటం చౌక. మాంచెస్టరు సమీపంలో డెంటను అనే స్టేషనుకు ఏళ్ళ తరబడి అట్లా వారానికి ఒక్క బండి వచ్చినది. ఆ ఒక్క బండి ఎక్కటానికే దూరాలనుండి మనుషులు వచ్చేవారు. 2017లో ఇద్దరు యాత్రికులు ఆ దేశంలో ఆనాడున్న 2,563 స్టేషనులనూ ఒక్క వేసవిలో చుట్టివచ్చినారు. మన దేశంలో స్టేషనులు 7 వేలకు మించి ఉన్నవి; అన్నిటినీ చుట్టిరావలెనన్న పందెం ఇక్కడ ఎవరికీ అక్కరలేదు. లెక్క పూర్తిచేయటానికి పరుగెత్తే యాత్రలో ఊరు కనిపించదు. నాలుగు స్టేషనులు చూచినా నిలిచి చూచినవాడే ధన్యుడు.

ఇక నిజామాబాదు. ఆ పట్టణానికి పాతపేరు ఇందూరు. నిజాము కాలపు రైల్వేవారు తమ స్టేషనుకు నిజామాబాదని పేరు పెట్టగా ఆ పేరే క్రమంగా ఊరిమీద, జిల్లామీద నిలిచిపోయినదని చెబుతారు. ఊరి పేరు స్టేషనుకు పెట్టటం లోకంలో వాడుక. ఇక్కడ స్టేషను పేరు ఊరు పెట్టుకొన్నది. ఈ దారికి హైదరాబాదు–గోదావరీలోయ రైల్వే అని పేరు. సికిందరాబాదునుండి మన్మాడుదాకా, సుమారు 390 మైళ్ళు, 1899–1901 నడుమ తెరచినారు. మీటరు గేజి దారి. పట్టాల నడుమ ఎడం సరిగా 1,000 మిల్లీమీటర్లు, పెద్దలైనుకు 1,676. దాదాపు ఒక శతాబ్దం ఆ సన్నని పట్టాలమీద ప్రత్తి, ధాన్యం, యాత్రికులు, బడిపిల్లలు నడిచినారు. 1990 తరువాత దారి అంచెలంచెలుగా పెద్దలైనుగా మారినది. మార్పుతో వేగం వచ్చినది; వేగం వచ్చినచోట చిన్న స్టేషనులు బండి కిటికీలో రెప్పపాటుగా మారినవి.

ఉత్తరంగా పోతే మొదట చెప్పవలసినది జానకంపేట. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన రాణి చీలం జానకీబాయి పేరుమీద ఆ ఊరు వెలసినదని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. ఇక్కడ ఒక కొమ్మ పక్కకు చీలి, ఎడపల్లిమీదుగా బోధను పోతుంది. చూడటానికి చిన్న కొమ్మయే. దాని పుట్టుక తెలిసికొంటే మాత్రం ఒక జిల్లా ఆర్థికచరిత్ర అంతా చేతికి వచ్చినట్లే.

1931 నాటికి మంజీరమీద నిజాంసాగరం పూర్తియైనది. కాలువలు పారినవి. నీరు పారినచోట చెరకు వచ్చినది. చెరకు వచ్చినచోట గానుగ చాలక 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. ఆ కర్మాగారం పక్కన పెరిగిన కాలనీకి షక్కర్‌నగర్ అని పేరు. చక్కెర తరలించవలె గనుక రైలు కొమ్మ అవసరమైనది. నది, ఆనకట్ట, కాలువ, చెరకు, యంత్రం, పట్టా – ఒకదాని కొకటి కారణం. భూగోళ పాఠంలో ఉపాధ్యాయుడు గంటసేపు శ్రమపడి చెప్పేది, జానకంపేట ప్లాట్‌ఫారంమీద నిలిచి వేలు చూపి పది నిమిషాలలో చెప్పవచ్చును.

తిరుగు పాఠం కూడా అక్కడనే ఉన్నది. 2002లో ఆ కర్మాగారం ప్రయివేటు భాగస్వామ్యంలోకి పోయినది. 2015 డిసెంబరులో లేఆఫు ప్రకటించి యంత్రాలు నిలిపివేసినారు. చెరకు రైతులు ఇతర పంటలకు మళ్ళినారు. పనివారు చెదరినారు. షక్కర్‌నగర్ అన్న పేరు ఉన్నది. ఆ పేరు పెట్టించిన చక్కెర ఆగిపోయినది. ఇటువంటి చోట్లకు వేడుక చూడవచ్చినట్లు పోయి, "ఎంత ప్రశాంతంగా ఉన్నది!" అని మెచ్చుకొనటం సభ్యత కాదు. ఆ ప్రశాంతత ఎవరి కూలి ఆగినందువల్ల వచ్చినదో అడిగి తెలిసికొన్న తరువాతనే మెచ్చుకొనాలో మానాలో తేలుతుంది.

ప్రధానమైన దారికి తిరిగివచ్చి ఉత్తరంగా సాగితే నవీపేట, ఆపైన గోదావరి వంతెన, బాసర. బాసర దిక్కులేని స్టేషను కాదు. సరస్వతీ సన్నిధిలో అక్షరాభ్యాసానికి పిల్లలను ఎత్తుకొని తల్లిదండ్రులు దిగుతూనే ఉంటారు. దక్షిణంగా పోయేవారికి డిచ్‌పల్లి, ఇందల్వాయి, సిర్నాపల్లి, ఉప్పల్‌వాయి, కామారెడ్డి, తల్మడ్ల, అక్కన్నపేట, ఇంకా అటుపైన మీర్జాపల్లి. డిచ్‌పల్లిలో దిగినవారికి పాత రామాలయపు శిల్పం ఒకటి, 1915లో వెస్లియను మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ పూనికతో వెలసిన కుష్ఠురోగుల ఆసుపత్రి ఒకటి, రెండు యుగాల కథలు ఒకే ఊరిలో దొరుకుతవి. ఇందల్వాయి, సిర్నాపల్లులది అడవి అంచు. వానకాలంలో ఆ దాపున జలపాతం దూకుతుంది. అక్కన్నపేట చాలాకాలం పేరులేని స్టేషనే. 2022 సెప్టెంబరులో అక్కడినుండి మెదకుకు కొత్త దారి తెరచిన తరువాత జంక్షను అయినది. స్టేషనులకూ జాతకాలు మారుతవి.

మాసాయిపేట పలక దగ్గర మాత్రం తెలిసినవారు ఒక్క క్షణం మాట ఆపుతారు. 2014 జూలై 24న కాపలాలేని లెవెల్‌క్రాసింగులో బడిపిల్లల బస్సును పాసింజరు బండి ఢీకొన్న స్థలమది. పెద్దలైనులమీద కాపలాలేని క్రాసింగులన్నీ 2019 జనవరి నాటికి తొలగించినారు. పిల్లలను వెంటబెట్టుకొని ఈ దారిన పోయే ఉపాధ్యాయులు ఆ సంగతి వారికి చెప్పటం మంచిది.

ఈ వ్యాసంగంలో మొదట చదువవలసినది పలక. పసుపుపచ్చ నేలమీద నల్లని అక్షరాలు. ఆర్మూరు కళ్ళం రంగే అది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, కొన్నిచోట్ల ఉర్దూ. అడుగున సముద్రమట్టానికి ఎంత ఎత్తో అంకె. ఒక దారిలోని పలకల అంకెలను వరుసగా వ్రాసికొని కాగితంమీద చుక్కలు పెట్టి కలిపితే నేల ఎక్కడ లేచినదో ఎక్కడ వాలినదో రేఖాచిత్రం తయారవుతుంది. అరకు దాపున శిమిలిగుడ పలకమీద 996 మీటర్లని ఉండేది. దేశంలో పెద్దలైను స్టేషనులలో అంతకు మించిన ఎత్తు లేదని చాలాకాలం దాని గర్వం. కాశ్మీరానికి రైలు పోవటంతో ఆ గర్వం దిగినది. ఒకే మాటగా ఉన్న పేరు పొడవులో మాత్రం రేణిగుంట–అరక్కోణం దారిలోని వెంకటనరసింహరాజువారిపేటను తలదన్నిన స్టేషను దేశంలో లేదు. ఆ పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగిన పిల్లవాడికి బహుమానం ఇవ్వవచ్చును. అక్కడ ఎక్కేవారు, దిగేవారు మాత్రం పేరులోని అక్షరాలంతమందియే అంటే అబద్ధానికి అంత దూరం కాదు కాబోలు. నంద్యాలనుండి గిద్దలూరుకు నల్లమల నడుమగా పోయే దారిలో చలమ, దిగువమెట్ట స్టేషనులున్నవి. అడవి తప్ప ఇరుగుపొరుగు లేని చోటు. 1880లలో కట్టిన దొరబావి వంతెన మీటరు గేజితోబాటే పని చాలించి అక్కడ నిలిచి ఉన్నది.

పలక తరువాత టిక్కెట్టు. కంప్యూటరు కాగితం రాకముందు ఉండిన అట్టటిక్కెట్టు కథ సయితం చిన్న స్టేషనులో పుట్టినదే. థామస్ ఎడ్మండ్సన్ అనే ఇంగ్లీషువాడు వ్యాపారంలో దివాలా తీసిన వడ్రంగి. 1836లో మిల్టను అనే చిన్న స్టేషనులో మాస్టరుగా చేరినాడు. ఒక్కొక్క ప్రయాణికునికి చేతితో రశీదు వ్రాయటం విసుగనిపించి, వరుస అంకెలు వేసిన అట్టముక్కలను ముందుగానే అచ్చువేసి పెట్టే ఉపాయం కనిపెట్టినాడు. ఆ అట్టముక్క భూగోళమంతా తిరిగినది. ఎడతెగని రద్దీ ఉండే చోట అంత తీరికగా ఆలోచించే అవకాశం ఎవరికి ఉంటుంది!

టిక్కెట్టు అనగానే అసలు చిక్కు వస్తుంది. రైల్వే కంటికి స్టేషను అంటే చెట్టు కాదు, పలక కాదు, చరిత్ర కాదు. అక్కడ తెగిన టిక్కెట్లు. టిక్కెట్లు తక్కువైతే బండి ఆగదు. బండి ఆగకపోతే టిక్కెట్లు ఇంకా తక్కువవుతవి. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా పాసింజరు బండ్లు నిలిచినవి. తిరిగి నడిచినప్పుడు వెనుకటివలె అన్ని చిన్న స్టేషనులలోనూ ఆగలేదు. వరంగల్లు జిల్లా నెక్కొండ ప్రజలకు ఈ లెక్క బాగా తెలిసినది. నర్సంపేట ప్రాంతానికంతటికీ దగ్గరి స్టేషను అదియే. తిరుపతి–సికిందరాబాదు పద్మావతి ఎక్స్‌ప్రెస్సు అక్కడ ఆగవలెనని కోరగా, రాబడి చూపితే నిలుపుతామన్న షరతుతో తాత్కాలికంగా ఆపినారు. అప్పుడు ఆ ప్రాంతంవారు సుమారు 400 మంది ఒక బృందంగా చేరి, 25 వేల రూపాయలు చందా వేసికొని, రోజుకు 60కి పైగా టిక్కెట్లు కొనటం మొదలుపెట్టినారని 2024 జనవరిలో పత్రికలు వ్రాసినవి. కొన్నవారు బండి ఎక్కరు. టిక్కెట్టు మాత్రమే ప్రయాణం చేస్తుంది, అదీ లెక్కపుస్తకంలోకి! ఉత్తరప్రదేశంలో ప్రయాగ దాపున దయాల్‌పూరు అనే స్టేషను 2006లో మూతపడి 2022లో తెరచుకొన్న తరువాత అక్కడివారూ ఇదే ఉపాయం పన్నినారు.

ఇది మోసమా? కాదు. డబ్బు చెల్లించి కొన్న టిక్కెట్టు అది. అర్జీ వ్రాసి వ్రాసి విసిగినవారు అర్జీని టిక్కెట్టు రూపంలో వ్రాసినారు, అంతే. కాని ఎంతకాలమని చందా వేస్తారు? అవసరం ఉన్నవారు ప్రయాణం చేయకుండా టిక్కెట్టు కొనవలసిరావటం ఏ లెక్కకూ గౌరవం తెచ్చేది కాదు. స్టేషనులు చూడబోయే ఆదివారపు బాటసారి ఇందుకు సరిగా ఎదురుమనిషి. నెక్కొండవారికి అవసరం ఉన్నది, ప్రయాణం లేదు. ఇతనికి అవసరం లేదు, ప్రయాణం ఉన్నది. ఇతడు మోటారుకారులో వచ్చి, ప్లాట్‌ఫారంమీద నిలిచి సెల్‌ఫోనులో నాలుగు బొమ్మలు తీసికొని వెళ్ళిపోతే ఆ స్టేషనుకు ఇతడు రానట్లే లెక్క. టిక్కెట్టు కొని బండిలో వచ్చి దిగి, మరొక టిక్కెట్టు కొని తిరిగి ఎక్కితేనే వచ్చినట్లు. చిన్న స్టేషనులను ప్రేమించేవారికి ఈ భేదం చాలా ముఖ్యం. ఆ ప్రేమలో పది ఇరవై రూపాయల భాగం తప్పక ఉండవలె.

లెక్కకు వెలుపలి కారణాలతో కూడా స్టేషనులు చచ్చి బ్రతికినవి. పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లాలో బేగున్‌కొదర్ అనే స్టేషను 1967లో దయ్యం భయమని విడిచిపెట్టబడి 2009దాకా తెరచుకొనలేదు. ఆ మారుమూలకు బదిలీపై పోవటం ఇష్టంలేని ఉద్యోగులే దయ్యాన్ని పుట్టించినారని తరువాత అన్నవారున్నారు. 42 ఏళ్ళు ఒక దయ్యం పేరుతో పల్లెలవారు రైలు లేక ఉన్నారంటే, దయ్యంకంటె బదిలీ భయం బలవత్తరమైనదని ఒప్పుకొనవలె. ఇందుకు విరుద్ధమైన కథ జపాను హొక్కయిదోలోని క్యూ-షిరతకి స్టేషనుది. అక్కడ నిత్యం ఎక్కేది దాదాపు ఒక్క ఉన్నతపాఠశాల విద్యార్థినియే. 2016 మార్చిలో ఆమె చదువు ముగిసిన వేళకు స్టేషనును మూసివేసినారు. ఆ ఒక్క పిల్ల కోసమే రైల్వేవారు బండి నడిపినారని కథ లోకమంతా పాకినది. అందులో కొంత అలంకారం కలిసినది. ఆ దారిలో చదువుకు పోయే పిల్లలు మరికొందరున్నారు, కొత్త టైంటేబిలు అమలులోకి వచ్చేదీ మార్చి నెలలోనే. ఉపాధ్యాయులు ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు రెండు భాగాలూ చెప్పవలె. అలంకారం తీసివేసినా మిగిలే నిజం చిన్నది కాదు: ఒక పిల్ల బడికి పోవటం ఒక స్టేషనుకు చివరిదాకా పనిగా ఉన్నది.

బడిపిల్లలను తీసికొనిపోయేవారు కొన్ని జాగ్రత్తలు పాటించవలె. బండి వేళలు మారుతూ ఉంటవి. ముఖ్యంగా బోధను కొమ్మమీదికి పోదలచినవారు ముందుగా విచారించుకొనవలె. దిగిన స్టేషనులో తిరిగి ఎక్కే బండి ఎన్ని గంటలకో తెలియకుండా దిగటం సాహసం కాదు, తెలివితక్కువతనం. తాగునీరు, తిండి వెంట ఉండవలె. చిన్న స్టేషనులో కాఫీ హోటలు ఉంటుందని నమ్మరాదు. పట్టాలు దాటటం, పట్టాలమీద నిలిచి బొమ్మ తీయించుకొనటం ప్రాణాంతకం. 1989 రైల్వే చట్టం ప్రకారం శిక్షార్హం కూడా. స్టేషను మాస్టరు జెండా పట్టుకొని ఉన్నప్పుడు ప్రశ్నలు వేయరాదు. బండి వెళ్ళిన తరువాత వేస్తే, మాట్లాడేవారు దొరకని ఆ ఉద్యోగి ఒక్కొక్కప్పుడు అడిగినదానికి నాలుగింతలు చెబుతాడు. పలకమీది పేరు, ఎత్తు, ఆగే బండ్ల సంఖ్య, దిగినవారు ఎంతమంది, ఎందుకు వచ్చినారు – ఈ అయిదూ ఒక పుస్తకంలో వ్రాసికొంటే చాలు. దిగినవారిని అడిగి వ్రాసిన ఆఖరి గడి తక్కిన నాలుగింటికంటె విలువైనది. ఆసుపత్రికి పోయివచ్చే ముసలివారు, బస్సు చార్జీకంటె చౌక అని ఎక్కిన కూలివారు, పుట్టింటికి పోయే ఆడపడుచు, పరీక్షకు పోయే కుర్రవాడు. వాడకం తక్కువ అన్న మాటలో ఉన్న ఆ కొద్దిమంది ఎవరో అప్పుడు తెలుస్తుంది. బస్సు చార్జీ పెట్టుకోలేని మనిషికి ఆ కొద్దిపాటి వాడకమే మొత్తం వాడకం.

సాయంకాలానికి బాటసారి నిజామాబాదునుండి బయలుదేరిన చిన్న బండిలో ఆర్మూరు తిరిగి చేరుతాడు. బండి ఆగుతుంది. వెనుక పెట్టెలోనుండి ఒక అవ్వ బట్టల మూట ముందు దింపి, ఆ తరువాత తాను దిగుతుంది. పుస్తకాల సంచులు వేసికొన్న ఇద్దరు పిల్లలు ఆ మూట ఎత్తి ప్లాట్‌ఫారం చివరిదాకా మోసిపెడతారు. బండి మోర్తాడు వైపు కదలిపోతుంది. దూరాన రహదారిమీద పసుపు గోనెల లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నవి. బాటసారి జేబులోని పుస్తకం తీసి, పసుపుపచ్చని పలక కెదురుగా నిలిచి, ఆనాటి తేదీ వేసి, ఆఖరి గడిలో వ్రాసికొంటాడు: "ఆర్మూరు – దిగినవారు నలుగురు."